14 రోజులకోసారి మందు వేస్తే పేలు ఎందుకు పోవు: రెండిళ్ల మధ్య పెరుగుతున్న ఒక పాప కేసు

పాపకు 7 ఏళ్లు. అమ్మానాన్నలు విడిపోయి ఏడాది దాటింది. ఒక వారం తల్లి దగ్గర, ఒక వారం తండ్రి దగ్గర ఉంటుంది. ప్రతి ఆదివారం సాయంత్రం ఇల్లు మారుతుంది. నా దగ్గరికి తల్లి తీసుకొచ్చింది. "నెలల తరబడి పేలు పోవట్లేదు డాక్టర్ గారూ. నేను శుభ్రం చేసి పంపిస్తాను, అక్కడి నుంచి మళ్లీ ఎక్కించుకుని వస్తుంది" అన్నది ఆమె మొదటి మాట. ఆ సంగతి కాగితం మీద రాసివ్వగలరా అన్నది రెండో మాట. పాప ఎవరి దగ్గర ఉండాలనే విషయం కోర్టులో నడుస్తోంది. ఈరు పేనై, పేను పెరుమాళ్లై, చివరికి లాయరు నోటీసులో ఒక పేరా దాకా వెళ్లింది వ్యవహారం.

ఇద్దరి అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. పిల్లల తలలో పేలు మాకు రోజూ కనిపించేవే, వాటి గురించి కేస్ స్టడీ రాయాల్సిన పనేమీ లేదు. కానీ ఇందులో తల్లి చెప్పిందీ నిజమే, తండ్రి చెప్పిందీ నిజమే. అయినా ఇద్దరి లెక్కా తప్పింది. అది ఎలా జరిగిందో తెలిస్తే ఇలాంటి ఇళ్లు ఇంకొన్ని బాగుపడతాయి.

తలలో ఏం కనిపించింది

పాప జుట్టు నడుము దాకా ఉంది, ఒత్తుగా ఉంది. పొడి జుట్టును పాయలు తీసి చూస్తే పేను దొరకడం కష్టం, వెలుతురు పడగానే పక్కకు పాకిపోతుంది. అందుకే జుట్టు తడిపి, కండిషనర్ దట్టంగా పట్టించి, సన్నపళ్ల స్టీలు పేల దువ్వెనతో కుదుళ్ల నుంచి చివరి దాకా దువ్వాం. ప్రతి దువ్వుకూ దువ్వెనను తెల్ల టిష్యూ మీద తుడిచి చూశాం. జారుడుగా ఉన్న జుట్టులో పేను కాసేపు కదల్లేదు, అదే మనకు దొరికే అవకాశం. టిష్యూ మీద రెండు పెద్దవి, నువ్వుగింజ కంటే బాగా చిన్నవి కొన్ని వచ్చాయి. భూతద్దం కింద కాళ్లు మెల్లగా ఆడిస్తున్నాయి. మామూలుగా ఒక తలలో బతికున్న పేలు 20 లోపే ఉంటాయి కాబట్టి ఈ సంఖ్య తక్కువేం కాదు.

మెడ వెనక గోళ్ల గీతలు, రెండు చోట్ల పసుపు రంగు చెక్కు కట్టిన పుండ్లు, మెడ పక్కన చిన్న బిళ్లలు. గోకుడు వల్ల చీము పట్టింది. ముందు దానికి మందు రాశాను. మాడంతా పొడిబారి పొట్టు లేస్తోంది. తల్లి ఆ పొట్టునే ఈపులు (పేల గుడ్లు) అనుకుని మళ్లీ మళ్లీ మందు వేస్తూ వచ్చింది. వేలితో లాగితే జారి వచ్చేది పొట్టు. వెంట్రుకను పట్టుకుని కదలకపోతే ఈపి. ఈ తేడా ఆమెకు అక్కడే చూపించాను. చాలామంది తల్లులు ఏళ్ల తరబడి చుండ్రుకు పేలమందు వాడుతుంటారు.

ఈపుల సంగతి మాత్రం కాస్త నిలబడి చూడాల్సినది. పేను గుడ్డు పెట్టేది మాడుకు ఆనుకుని, వేడి తగిలే చోట. అంటే కుదురు నుంచి సుమారు 6 మిల్లీమీటర్ల లోపే. పిల్ల బయటకొచ్చాక ఖాళీ పెంకు వెంట్రుకకే అంటుకుని, వెంట్రుకతో పాటు దూరం జరుగుతుంది. వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కాబట్టి మాడుకు 3 సెంటీమీటర్ల దూరంలో పెంకు ఉందంటే, ఆ గుడ్డు పెట్టి దాదాపు 3 నెలలు అయిందన్నమాట. చెవి వెనక పాయ ఒకటి తీసి స్కేలు పెట్టి చూశాను. మాడు నుంచి 4 సెంటీమీటర్ల దాకా పెంకులు వరసగా ఉన్నాయి, మధ్యలో ఖాళీ లేదు. ఇది కచ్చితమైన కొలత కాదు, అంచనాయే. కానీ "పూర్తిగా పోయి, మళ్లీ కొత్తగా ఎక్కాయి" అనే కథకు ఇది సరిపోదు. ప్రతి వారం తండ్రి ఇంటి నుంచి కొత్త పేలు రావట్లేదు. పాత పేలే ఎప్పుడూ పూర్తిగా పోలేదు.

తేదీలు

తల్లి ఒక నోట్‌బుక్ తెచ్చింది. మందు వేసిన ప్రతి తేదీ అందులో ఉంది, కోర్టు కోసం రాసి పెట్టుకున్నది. నాకు మాత్రం రోగ నిర్ధారణ అందులోనే దొరికింది. అన్నీ ఆదివారాలే. పాప ఇంటికి రాగానే తల చూడటం, పేలు కనిపించగానే అదే రాత్రి పెర్మెత్రిన్ 1 శాతం లోషన్ వేయడం. రెండు ఆదివారాలకు ఒకసారి, 14 రోజుల తేడాతో.

ఇప్పుడు పేను తన లెక్క ఎలా నడిపిస్తుందో చూడండి. గుడ్డు పెట్టాక పిల్ల రావడానికి 7 నుంచి 10 రోజులు. ఆ పిల్ల పెద్దదై గుడ్లు పెట్టే స్థితికి రావడానికి మరో 9 నుంచి 12 రోజులు. పెర్మెత్రిన్ తిరిగే పేలను చంపుతుంది కానీ గుడ్లన్నిటినీ చంపదు. అందుకే రెండో డోసు. అది 9వ రోజుకు అటూఇటూ పడాలి. ఎందుకంటే అప్పటికి మిగిలిన గుడ్లు దాదాపు అన్నీ పొదిగి ఉంటాయి, ముందు పొదిగినవి ఇంకా గుడ్లు పెట్టే వయసుకు రాలేదు. ఆ వ్యవధి చాలా తక్కువ.

తల్లి ఆదివారం మందు వేసింది, తిరిగేవి చచ్చాయి. అప్పటికే వారం కిందట పెట్టిన గుడ్లు సోమ, మంగళవారాల్లో పొదిగాయి. వచ్చే ఆదివారం పాప తండ్రి దగ్గరికి వెళ్లేసరికి అవి అయిదారు రోజుల పిల్ల పేలు. ఆయనకు కనిపించాయి. "మా ఇంటికి పేలతోనే వస్తోంది" అని ఆయన అన్నది అబద్ధం కాదు. 9వ రోజు పడేది ఆయన వారంలో. రెండో డోసు ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అడిగేంత మాటలు వాళ్ల మధ్య లేవు. ఆయన తన పద్ధతిలో ఇంట్లో పురుగుల మందు స్ప్రే కొట్టించాడు. రెండో వారం సగం గడిచేసరికి ముందు పొదిగిన పేలు పెద్దవై కొత్త గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. ఆదివారం పాప తిరిగొచ్చింది. "శుభ్రం చేసి పంపాను, పేలతో వచ్చింది" అని తల్లి అన్నదీ అబద్ధం కాదు. మళ్లీ మందు, మళ్లీ చావని గుడ్లు. 14 రోజులకోసారి మందు వేయడమంటే పేలకు ప్రతిసారీ అయిదారు రోజులు అరువు ఇచ్చినట్టే. ఇలా ఎన్నాళ్లయినా నడుస్తుంది.

దీనికి తోడు మందు వేసే పద్ధతిలో కూడా లోటుంది. లోషన్ ముందు కండిషనర్ రాస్తోంది తల్లి, చిక్కు రాకుండా. కండిషనర్ పూత ఉంటే మందు వెంట్రుకకు సరిగా పట్టదు. మర్నాడు పొద్దునే షాంపూతో రుద్దేస్తోంది. పెర్మెత్రిన్ వేశాక ఒకటి రెండు రోజులు తలస్నానం ఆపాలి, లేకపోతే మిగిలి పనిచేయాల్సిన మందు కూడా నీళ్లతో పోతుంది.

"మందుకు పేలు అలవాటు పడ్డాయేమో, ఇంకా ఘాటైనది రాయండి" అంది. పెర్మెత్రిన్‌ను తట్టుకునే పేలు ఉన్నమాట నిజమే. వాటి నాడుల్లో జన్యుమార్పు వచ్చి మందు సరిగా ఎక్కదు. కానీ ఒక్కసారైనా సరైన పద్ధతిలో, సరైన రోజున రెండు డోసులు పడకుండా మందు మీద నేరం మోపడం తొందరపాటు. మందు వేసిన 8 నుంచి 12 గంటల తర్వాత కూడా పేలు మునుపటిలాగే చురుగ్గా తిరుగుతుంటే అప్పుడు అనుమానించాలి.

అమ్మమ్మ

తల్లి ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగితే, అమ్మమ్మ ఉందని తేలింది. పాప పడుకునేది ఆమె పక్కనే. "ఆవిడకు అస్సలు దురదే లేదండీ" అంది తల్లి. దురద అంటే పేను ఉందని కాదు, పేను లాలాజలానికి ఒంట్లో ఎలర్జీ పుట్టిందని. మొదటిసారి పేలు పట్టిన మనిషికి దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. చాలాకాలంగా ఉన్నవాళ్లలో కొందరికి దురద తెలియనే తెలియదు. అందుకే "ఎవరికి దురద ఉంది" అని నేను అడగను. అందరి తలలూ దువ్వి చూస్తాను.

మర్నాడు అమ్మమ్మ వచ్చింది. "ఈ వయసులో నా తలలో పేలేంటి నాయనా" అంటూనే ముడి విప్పింది. మూడో దువ్వుకే పేను. ఆవిడ ముఖం వాడిపోయింది. పేలకు శుభ్రంతో పనిలేదని, రోజూ తలంటుకునే తలలో కూడా ఉంటాయని చెప్పాను. నమ్మిందో లేదో గానీ, కూతురి వైపు మాత్రం చూడలేదు.

తండ్రి ఇంట్లో ఆయన, ఆయన తమ్ముడు, ఆయన తల్లి. ముగ్గురినీ మరో రోజు పిలిపించి చూశాం. ఎవరి తలలోనూ లేవు.

ఇక ఇక్కడ వచ్చింది అసలు చిక్కు. తండ్రి వెంటనే అడిగాడు: "అయితే పేలు వాళ్లింటి నుంచే వస్తున్నాయని రాసివ్వండి." కొద్దిరోజుల ముందు తల్లి అడిగిన కాగితమే, పేరు మారింది అంతే. నేను ఇవ్వలేదు. మొహమాటం వల్ల కాదు. అమ్మమ్మ నుంచి పాపకు వచ్చాయా, పాప నుంచి అమ్మమ్మకు ఎక్కాయా, ఇద్దరికీ బడి నుంచి వచ్చిన పేనా అన్నది తలను చూసి ఎవరూ చెప్పలేరు. చెప్పలేని దాన్ని సంతకం పెట్టి రాయకూడదు. ఏ రోజు ఎవరి తలలో ఏం కనిపించిందో, ఏ మందు ఏ తేదీల్లో వేయాలో ఒకే పేజీలో రాసి, ఒకే ప్రతి ఇద్దరికీ ఇచ్చాను. ఇలాంటి కేసుల్లో డాక్టర్లు జాలిపడి ఒక పక్షానికి రాసిచ్చే రెండు లైన్లు పిల్లకు చేసే చెరుపు ఏ పేనూ చేయలేదని నా అభిప్రాయం.

పాపతో విడిగా మాట్లాడినప్పుడు ఒక సంగతి బయటపడింది. "దురద పెడితే ఎవరికి చెప్తావు?" అంటే, ఎవరికీ చెప్పదట. బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని గోక్కుంటుందట. "చెప్తే ఫోన్లో అరుచుకుంటారు." మెడ వెనక చీము అంతదాకా ఎందుకు ముదిరిందో అప్పుడు అర్థమైంది.

ఏం చేశాం

చీము పుండ్లు మానేదాకా కొన్ని రోజులు ఆగాం, ఆ రోజుల్లో తడి దువ్వుడు మాత్రమే. ఆ తర్వాత డైమెథికోన్ 4 శాతం లోషన్ ఎంచుకున్నాను. ఇది విషంగా పనిచేసే మందు కాదు. సిలికోన్ పూతలా పేనును కప్పేస్తుంది. మాడు ఇప్పటికే మంటగా ఉన్న పిల్లకు ఇది మేలు. పొడి జుట్టుకు కుదుళ్ల నుంచి చివర్ల దాకా పట్టించి, కనీసం 8 గంటలు ఉంచి కడగాలి, 7 రోజులకు మళ్లీ వేయాలి. మందు తలమీద ఉన్నంతసేపూ మంట దగ్గరికి, హెయిర్ డ్రయ్యర్ దగ్గరికి వెళ్లకూడదు, అంటుకునే ప్రమాదం ఉంది. కిరోసిన్ లాంటివి ఎవరు చెప్పినా తలకు రాయకండి, పిల్లలు కాలిపోయిన సందర్భాలున్నాయి. నోటి మాత్రగా ఐవర్‌మెక్టిన్ కూడా ఉంది. 15 కిలోలు దాటిన పిల్లలకే ఇస్తారు, మిగతావి పనిచేయనప్పుడు. ఇక్కడ అవసరం పడలేదు.

మొదటి డోసు ఏ రోజు వేయాలనే దాని మీదే ఎక్కువ ఆలోచించాను. పాపను పది రోజులు ఒకే ఇంట్లో ఉంచితే పని సులువు, తల్లి అదే అడిగింది కూడా. కానీ కోర్టు పెట్టిన ఏర్పాటును పేల పేరుతో కదిలిస్తే అది ఇంకో తగాదా అవుతుంది. పైగా రెండు డోసులూ ఒకే ఇంట్లో పడితే రెండో ఇల్లు ప్రేక్షకుడిగానే ఉండిపోతుంది. అందుకని మొదటి డోసు తల్లి వారంలో బుధవారం పెట్టాం. 7వ రోజు సరిగ్గా తండ్రి వారంలో బుధవారం పడుతుంది. అమ్మమ్మకూ అవే రెండు తేదీలు.

తండ్రికి జడ వేయడమే రాదు. క్లినిక్‌లో పాపను కూర్చోబెట్టి ఆయన చేతికే దువ్వెన ఇచ్చాం. మొదట జుట్టు మీద పైపైన గీస్తున్నాడు, పాపకు నొప్పి పుడుతుందని. దువ్వెన పళ్లు మాడుకు తగలాలి, తగిలాకే లాగాలి. జుట్టును నాలుగు భాగాలు చేసి క్లిప్పులు పెట్టి, ఒక్కో భాగంలో సన్నటి పాయలు తీస్తూ, చెవుల వెనక, మెడ పైన రెండేసి సార్లు. "నానమ్మ కంటే నువ్వే నయం నాన్నా, చిక్కు లాగట్లేదు" అని పాప సర్టిఫికెట్ ఇచ్చింది. తడి దువ్వుడు మూణ్నాలుగు రోజులకోసారి, ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో, వరసగా మూడుసార్లు ఏమీ రాని దాకా.

ఫలితం రాయడానికి ఒక షీటు. తేదీ, పెద్దవి ఎన్ని, పిల్లవి ఎన్ని, దువ్విందెవరు. రిమార్కుల గడి కావాలనే పెట్టలేదు, పెడితే అందులో ఏం నిండుతుందో తెలుసు. షీటును పాప బ్యాగులో పంపొద్దని గట్టిగా చెప్పాను. ఏడేళ్ల పిల్లకు చదవడం వచ్చు. ఫొటో తీసి ఒకరికొకరు పంపుకోవాలి, మాట్లాడుకోవాల్సిన పనిలేదు.

ఒక విషయం ముందే హెచ్చరించాను: రెండో డోసుకు ముందు పిల్ల పేలు కనిపిస్తాయి, అది ఎవరి తప్పూ కాదు, అవి పాత గుడ్లే. ఇది చెప్పకపోతే మొదటి ఆదివారమే పథకం కూలిపోయేది. ఆ రోజు పంపే ముందు తల్లి దువ్వితే మూడు పిల్ల పేలు వచ్చాయి. షీటులో 3 అని రాసి ఫొటో పంపింది. అవతలి నుంచి బొటనవేలు పైకెత్తిన ఎమోజీ వచ్చింది. ఏడాదిలో గొడవ లేని మొదటి మెసేజ్ అదేనట.

ఇల్లంతా కడగడం మాన్పించాం. తల్లి దుప్పట్లన్నీ ఉడకబెడుతోంది, బొమ్మలన్నీ మూట కట్టి అటక మీద పెట్టింది. తల నుంచి విడిపోయిన పేను ఒకటి రెండు రోజులకు మించి బతకదు. ఎగరదు, దూకదు. తలకు తల ఆనినప్పుడే ప్రధానంగా ఎక్కుతుంది. గత రెండు రోజుల్లో వాడిన దిండు గలీబులు, తువ్వాళ్లు, దువ్వెనలు 54 డిగ్రీలు దాటిన వేడి నీళ్లలో కడిగితే చాలు. తండ్రి ఇంట్లో స్ప్రే ఆపించాం, అది పేలకంటే పిల్లల ఊపిరితిత్తులకే తగులుతుంది. బొమ్మలు పాపకు తిరిగొచ్చాయి. బడి కూడా మానాల్సిన పనిలేదు.

తర్వాత

రెండో డోసును నేను చెప్పిన రోజే తండ్రి వేశాడు. ఆ తర్వాతి దువ్వుళ్లలో పాప తలలో వరసగా మూడుసార్లు సున్నా. మెడ బిళ్లలు తగ్గాయి. దురద ఇంకో రెండు వారాలు ఉండింది. చచ్చిన పేలకు కూడా ఎలర్జీ కొంతకాలం మిగులుతుంది, అది చూసి మళ్లీ మందు వేయకూడదు. అమ్మమ్మ జుట్టులో రెండో డోసు తర్వాత కూడా ఒకటి దొరికింది. ఆవిడ లోషన్ పైపైనే రాసుకుంటోంది. మూడో డోసు కూతురు పట్టించింది, పోయాయి.

కొన్ని నెలలకు పాప తలలో మళ్లీ ఒక పెద్ద పేను దొరికింది, క్లాసులో చాలామందికి ఉన్నాయి. అప్పుడు నా దగ్గరికి రాలేదు. షీటు ఫొటో అటు వెళ్లింది, రెండు డోసులూ వాళ్లే పంచుకున్నారు.

రెండో ఇల్లు అసలు సహకరించకపోతే ఏం చేయాలని ఇలాంటి తల్లిదండ్రులు అడుగుతుంటారు. వారం వారం మారే ఏర్పాటులో ఒక ఇల్లు ఒంటరిగా కూడా చాలావరకు చేయగలదు. పిల్లను పంపే రోజు తడి దువ్వుడు చేసి తిరిగేవన్నీ తీసేయండి. వచ్చిన రోజు మళ్లీ అంతే, వారం మధ్యలో ఒకసారి. పంపాక పొదిగే పిల్ల పేను తిరిగొచ్చేసరికి మహా అయితే 7 రోజులది, సాధారణంగా గుడ్లు పెట్టే వయసు దానికి ఇంకా రాదు. ఇలా రెండు మూడు రాకపోకలు గడిస్తే గుడ్ల నిల్వ అయిపోతుంది. అవతలి ఇంట్లో ఎవరి తలలోనైనా పేలుంటే మాత్రం ఇది సరిపోదు, అక్కడ కొత్తవి ఎక్కుతూనే ఉంటాయి. అప్పుడు డాక్టరు ద్వారా ఆ ఇంటికి కబురు పంపించండి, మీ నోటితో చెప్పకండి.